చిలకపచ్చ గళ్లగుడ్డ

మిషను తొక్కడం వస్తే టైలరు అయిపోయినట్టే అనుకొని నా దగ్గరికి పని నేర్చుకోడానికి వచ్చినవాళ్లు చాలామంది. మిషను ఎవరైనా తొక్కుతారు. టైలరు పని అది కాదు. మనిషి తన ఒంటిని గురించి చెప్పే అబద్ధాలను నవ్వకుండా వినడం, విని నిజం కొలతకు కుట్టడం, అదీ పని. ఈ మాట చెప్పేవాళ్లు తక్కువ కాబట్టి నేను రాస్తా ఉండాను.

నాకు అక్షరాలు వచ్చింది యాభై దాటినాక. ఇంట్లో తెలుగు, అంగట్లో అరవం, సాయిబుల వీధిలో సగం ఉర్దూ. నోటికి మూడు భాషలు వచ్చినా చేతికి ఒకటీ రాలేదు. కొలతలకు నేనే కొన్ని గీతలు కనిపెట్టుకొని పని జరుపుకొన్నాను. హోసూరు పక్కనించి కోడలుగా వచ్చిన పిల్ల తెలుగు బడిలో చదువుకొనింది. "ఏమి మామా, నోరు తెరిస్తే ఊరంతా వినపడతాది, కాగితం మీద ఒక ముక్క రాదే" అని పలక తెచ్చి నా ముందర పెట్టింది. ఇప్పుడు కూడా నా వెనకాలే నిలబడి చూస్తా ఉంది. ఒత్తులు దిద్దుకోమ్మా, మాటలను ముట్టుకోవద్దు అని చెప్పినాను.

ఊపిరి బిగబట్టేవాళ్లు

హరూర్ నించి ఒక సర్కారు ఆఫీసరు వచ్చేవాడు. కడుపు ముందర, ఆయన వెనక. టేపు వేస్తానే ఊపిరి బిగబట్టి చెరుకుగడ మాదిరి నిలబడేవాడు. ఆ కొలతకు ప్యాంటు కుడితే రెండో రోజు వచ్చి "ఏమయ్యా, గుడ్డ తిన్నావా" అని అరిచేవాడు. మొదట రెండుసార్లు తిట్లు తిన్నాను. మూడోసారి టేపు నడుముకు చుట్టి, "సార్, మీ అత్తగారి ఊరు ఏది?" అని అడిగినాను. జవాబు చెప్పాలంటే ఊపిరి వదలాల. వదిలినాడు. కొలత దొరికింది. అత్తగారి మీద ఆయనకు చాలా కోపం ఉండినట్టుంది, అరగంట చెప్పినాడు. ఆ ప్యాంటు మాత్రం బదిలీ అయిపోయేదాకా వేసుకొన్నాడు.

కొత్తగా వచ్చే పిల్లకాయలకు చెప్పేది ఏమంటే, టేపు చేతిలో ఉన్నప్పుడు నోరు ఊరికే పెట్టుకోకండి. మాట్లాడించండి. ఒంటి కొలత నోట్లోనించి వస్తాది.

ధర్మపు కుట్టు

నాకు పని నేర్పింది రాజమాణిక్యం మాస్టరు. చెయ్యి బంగారం, నోరు మిరపకాయ. మిగిలిన గుడ్డ జానెడైనా మడిచి గుడ్డ తెచ్చినవాళ్లకు తిరిగి ఇచ్చేవాడు. ఆ విషయంలో ఆయనకు దండం పెట్టాల. ఇంకో విషయంలో మాత్రం నేను ఆయన మాట వినలేదు.

రంజాన్ నెలలో మా ఊళ్లో టైలర్లకు నిద్ర ఉండదు. సాయిబుల ఇళ్లల్లో తమ బిడ్డలకు పండగ గుడ్డలు కుట్టించేది ఒక పక్క. ఇంకో పక్క జకాత్. ఉన్నవాళ్లు ఏడాదికి ఒకసారి తమ ఆస్తిలో కొంత భాగం లేనివాళ్లకు తీసి ఇయ్యాలని వాళ్ల మతంలో కట్టుబాటు. ఎక్కువమంది అది రంజాన్‌లోనే ఇస్తారు. అంతేకాక అనాథ బిడ్డలకు గుడ్డలు కుట్టించి ఇవ్వడం పెద్ద ఇళ్లల్లో వాడిక. ఒక తాను గుడ్డ కొంటారు, అంగట్లో పడేస్తారు, "ఇంతమంది బిడ్డలు, పండగకు అందాల" అంటారు. దానికి మాస్టరు పెట్టిన పేరు ధర్మపు కుట్టు. కొలత తీసేది లేదు. చిన్నది, నడిమిది, పెద్దది, అంతే. జోబీ ఉండదు.

"జోబీ ఎందుకు లేదు మాస్టర్?" అని ఒకసారి అడిగినాను.

"ఊరికే వచ్చే అంగీకి జోబీ ఏమిటికిరా? దాంట్లో ఏమి పెట్టుకుంటాడు వాడు, తాసిల్దారు ఆఫీసు తాళంచెవా?"

"కొలతైనా తీస్తే..."

"పెరిగే బిడ్డరా. ఈ పండక్కి వదులుగా ఉంటే వచ్చే పండక్కి సరిపోతాది."

నాకు ఆ లెక్క అప్పుడే నచ్చలేదు. వచ్చే పండక్కి సరిపోయే అంగీ ఈ పండక్కి ఎందుకు వేసుకోవాల? తమ బిడ్డకు కుట్టించేటప్పుడు ఎవరూ ఈ మాట అనరు. నేను సొంతంగా బస్టాండు వెనక సందులో అంగడి పెట్టినప్పుడు మొదట చేసిన పని ఏమంటే, ధర్మపు గుడ్డకు కూడా కొలత తీయడం, జోబీ పెట్టడం. మాస్టరు ఒకనాడు వచ్చి చూసి, "నీ అంగడి మూడు నెలల్లో మూతపడతాది" అని దీవించి పోయినాడు. మూతపడలేదు. ఆయన చివరి అంగీ కూడా నేనే కుట్టినాను. జోబీ పెద్దదిగా పెట్టమన్నాడు, పొడుం డబ్బీకి.

పేపర్లో బొమ్మ

ఇంక అసలు కథ. ఎనభైల్లో రంజాన్ మంచి ఎండల్లో వచ్చిన ఏడాది అది. ఊరంతా మామిడిపండ్ల వాసన, నోరు తడుపుకోడానికి లేకుండా ఉపవాసాలు. అప్పుడు ఆఫ్రికాలో ఎక్కడో వానలు లేక కరువు పడిందని పేపర్లో ఒక బిడ్డ బొమ్మ వేసినారు. పక్కటెముకలు ఎంచుకోవచ్చు. కండ్లు మాత్రం పెద్దవి. ఆ బొమ్మను ఎవరో మసీదు వాకిట్లో అంటించినారు. కింద ఒక ఇత్తడి బిందె పెట్టినారు, ఆ బిడ్డలకు దుడ్లు పంపించేదానికి.

టీ అంగట్లో కొందరు, వాళ్లు సాయిబులూ కారు ఏమీ కారు, "ఊళ్లో బిడ్డలకు లేదుగానీ సముద్రం అవతల బిడ్డలకంట" అని ఎగతాళి చేసినారు. నేను వాళ్లను నలభై ఏండ్లుగా ఎరుగుదును. ఊళ్లో బిడ్డలకూ వాళ్లు ఏమీ ఇచ్చింది లేదు.

బిందెలో అందరికంటే ఎక్కువ వేసింది చింతపండు మండీ ఇస్మాయిల్ బాయ్. మంచి మనిషి, మొండి మనిషి. వేసేటప్పుడు జనం లేని వేళ చూసుకొని వేసినాడు. కుడిచెయ్యి ఇచ్చింది ఎడమచేతికి తెలియకూడదని ఆయన నమ్మకం. ఆ మాట రోజుకు ఒకసారైనా అనేవాడు. ఊరి బయట ఉండే అనాథ బిడ్డల ఇంటికి ఏటేటా పండగ గుడ్డలు ఇచ్చేదీ ఆయనే. ఆ ఏడాది సముద్రం అవతలికి ఎక్కువ పోయింది కాబట్టి ఇక్కడికి గుడ్డ కొంచెం చవకగా చూసుకొన్నాడు. ఈరోడ్డు సంతలో ఒకటే రకం పెద్ద మూట దొరికింది. నా అంగట్లో దించినారు. విప్పి చూస్తే చిలకపచ్చ. దాని మీద కుంకుమరంగు గళ్లు.

నా భార్య అన్నం క్యారియరు తెచ్చి చూసి, "ఇది కట్టుకొని మామిడితోపులో పోతే రాళ్లతో కొడతారు" అనింది.

చేతులెత్తని పిల్ల

టేపు తీసుకొని అనాథ బిడ్డల ఇంటికి పోయినాను. ఆ ఇంటిని చూసుకొనేది ఒక పెద్దాయన, బిడ్డలకు ఓతు, అంటే ఖురాన్ చదవడం, నేర్పే హజ్రత్. సన్నంగా ఉంటాడు, మాట ఇంకా సన్నం. మగపిల్లలు వరసగా వచ్చి కొలతలు ఇచ్చినారు. ఆడపిల్లల్లో మెహరున్ అని ఒకతె, తొమ్మిదో పదో ఏండ్లుంటాయి, చేతులు కట్టుకొని నిలబడింది.

"చేతులెత్తమ్మా, గౌనుకు చుట్టుకొలత చూడాల."

"నాకు గౌను వద్దు మామా."

"ఎందుకు? రంగు బాగలేదా?"

"బాగలేదు. అది కాదు."

"మరి?"

"పాత గౌనుతోనే పండక్కి పోతాను. లేకపోతే పోను."

హజ్రత్ గబగబా ముందుకు వచ్చినాడు. "అట్ల అనకూడదు బిడ్డా. బాయ్ మనసు కష్టపెట్టుకొంటే వచ్చే ఏడాది మనకు ఎవరు ఇస్తారు?" అన్నాడు. నన్ను చూసి, "నాయుడూ, మీరైనా చెప్పండి. బియ్యం కూడా ఆ మండీనించే వస్తాయి" అని మెల్లగా అన్నాడు.

టేపు మెడలో వేసుకొని కింద కూర్చొన్నాను. మాట్లాడిస్తే కొలత దొరుకుతుందని చెప్పినాను గదా. పోయిన పండగ ఎట్ల జరిగిందని అడిగినాను. చెప్పింది. పోయిన ఏడాది గుడ్డ గోనెసంచి రంగు. అందరికీ ఒకటే. పండగనాడు ఈద్గా మైదానంలో అడుగుపెడతానే ఒక అబ్బాయి "గోనెసంచి పటాలం వచ్చిందిరో" అన్నాడు. ఇంక నమాజు అయ్యేదాకా అదే పేరు. ఎవరో ఒకామె వీళ్లను నిలబెట్టి, "పాపం, అనాథలు" అని తన బిడ్డలకు చూపించింది.

"ఎవరు ఆ అబ్బాయి?"

"మండీ బాయ్ వాళ్ల అన్వర్."

హజ్రత్ గోడ దిక్కు తిరిగినాడు. ఆయనకు ముందే తెలుసు.

"ఈ గుడ్డంతా ఆ పేపర్లో బిడ్డలకు పంపించండి మామా. వాళ్లకు అంగీలే లేవు. అందరికీ ఒకటే రంగైతే అక్కడ ఎవరు నవ్వుతారు?"

"అక్కడా బిడ్డలే గదమ్మా. నవ్వుతారు."

"అయితే వాళ్లకు గూడా వద్దు" అనింది. చేతులు మాత్రం ఎత్తలేదు.

గంజి తాగినాక

ఉపవాసం ఉండే మనిషి దగ్గరికి సాయంత్రం నాలుగు గంటలకు చెడ్డ మాట ఎత్తుకొని పోకండి. ఇది టైలర్లకే కాదు, అందరికీ. నేను పొద్దు మునిగి, వాళ్లు ఖర్జూరం నోట్లో వేసుకొని, ఉపవాసం విడిచే నోంబు గంజి తాగినాక పోయినాను. నాకూ ఒక గిన్నె గంజి వచ్చింది. సగం తాగి మొదలుపెట్టినాను.

"బాయ్, ఆ గుడ్డ మార్చండి. నాలుగైదు రంగులు తెప్పించండి."

"ఎందుకు? చిరిగిందా?"

"చిరగలేదు. అందరికీ ఒకటే గుడ్డైతే మైదానంలో అనాథ బిడ్డలని దూరంనించే తెలిసిపోతాది. ఆ బిడ్డలకు సిగ్గుగా ఉంది."

"ఇచ్చేదానికి వంక పెడతారా?" గొంతు పెరిగింది. "నేను నా పేరు చెప్పుకొన్నానా? నా ఫోటో వేయించుకొన్నానా? కుడిచెయ్యి ఇచ్చింది నా ఎడమచేతికి తెలియదు నాయుడూ."

"మీ ఎడమచేతికి తెలియలేదు బాయ్. ఊరికి తెలిసిపోయింది."

గిన్నె కింద పెట్టినాడు. నాకు ఆ మాట అనాలని లేదు, గంజితోపాటు లోపలికి పోవాల్సింది, బయటికి వచ్చేసింది. ఇంక ఈ ఇంటి పండగ గుడ్డలు నాకు రావు, వేరే ఊరు చూసుకోవాల్సిందే అనుకొన్నాను.

"కొన్న సరుకు వాపసు ఇచ్చేది మా మండీలో లేదు" అన్నాడు చివరికి. "ఇష్టం ఉంటే వేసుకొంటారు. లేకపోతే ఇంకొకరు ఇస్తారేమో చూసుకోమను."

హజ్రత్ చెప్పిన బియ్యం సంగతి గుర్తొచ్చింది. అప్పుడు లోపల గదినించి ఆయన భార్య ఆమినా బీ మాట్లాడింది. తలుపు తెర వెనకనించే. ఆమెను ముఖాముఖి చూసింది నేను ఎప్పుడూ లేదు, గొంతు మాత్రం బాగా తెలుసు, గౌన్ల మెడలు బిగువైతే ఆ గొంతే వచ్చేది.

"నాయుడూ, ఆ గుడ్డ ఎంత ఉంది? మా ఇంటి ముగ్గురికి గూడా వస్తాదా?"

"వస్తాదమ్మా, మిగులుతాది కూడా."

"అయితే మా వాళ్లకు గూడా అదే కుట్టండి."

బాయ్ తెర దిక్కు తిరిగినాడు. "వాళ్లకు మద్రాసునించి తెప్పించినాము గదా."

"అవి బక్రీదుకు వేసుకొంటారు. పోయిన పండక్కి 'గోనెసంచి పటాలం' అని పేరు పెట్టింది ఎవరో మీకు తెలుసా?"

"ఎవరు?"

"మీ అన్వర్. తిరిగివచ్చి అన్నం తింటా నవ్వుకొంటా చెప్పినాడు. ఆ పొద్దే చెంప పగలగొట్టి ఉండాల. పండగ గదా అని వదిలేసినాను."

బాయ్ చాలాసేపు గడ్డం నిమురుకొన్నాడు. నేను మిగిలిన గంజి తాగినాను, వేరే పని లేక. "కుట్టు" అన్నాడు. అంతే. ఆ ఇంట్లో ఆఖరి మాట ఎప్పుడూ బాయ్‌దే, ఆమినా బీ చెప్పినాక.

రెండు జోబీలు

మరుసటి రోజు అన్వర్‌ను అంగడికి పంపినారు. పన్నెండేండ్ల పిల్లోడు, ఉరికంబం ఎక్కేవాడి మాదిరి వచ్చినాడు.

"నేను చిలకనా మామా, ఇది వేసుకోడానికి?"

"చిలకైతే ఇన్ని అడగదు, కుట్టేవాడి అదృష్టం."

"ఎవరైనా నవ్వితే?"

"నవ్వితే నువ్వు గూడా నవ్వు. పేర్లు పెట్టడంలో నువ్వు పెద్ద చెయ్యంట గదా."

తల దించుకొన్నాడు. జాలేసి, "నీ అంగీకి రెండు జోబీలు పెడతాను, మూతలతో, పోలీసు అంగీకి ఉన్నట్టు" అన్నాను. మొహం కొంచెం తేటపడింది. అయితే ఒకరికి రెండు జోబీలు పెడితే అందరికీ పెట్టాల, లేకపోతే గుర్తు మళ్లీ అక్కడే వస్తాది. అందరికీ పెట్టినాను. గౌన్లకు పక్క జోబీలు.

మొదట కుట్టిన అంగీ అన్వర్‌ది. దాన్ని అంగడి ముందర కొక్కేనికి తగిలించినాను. పోయేవాళ్లు నిలబడి, "ఏమి నాయుడూ, ఏదైనా సర్కసు వచ్చిందా ఊరికి?" అని అడిగేవాళ్లు. "మండీ బాయ్ కొడుకులకు పండగ అంగీ" అనేవాణ్ని. ఉన్న మాటే గదా. నవ్వు ఆగిపోయేది. అంగీ దగ్గరికి వచ్చి గుడ్డను వేళ్లతో నలిపి చూసేవాళ్లు. "ఇదేనా ఇప్పుడు నడిచేది?" అనేవాళ్లు. నేను ఔననలేదు, కాదనలేదు. టేపు మెడలో సర్దుకొన్నాను.

మా ఊరి సంగతి తెలియనివాళ్లకు చెప్తాను. మండీ బాయ్ నల్ల గొడుగు పట్టుకొంటే ఊరు నల్ల గొడుగు. ఆయన సైకిలుకు గంట పెట్టించుకొంటే వీధంతా గంటలు. వారంలో ఆ గుడ్డ ఉందా అని అడిగేవాళ్లకు లెక్క లేదు. గుడ్డల అంగళ్లవాళ్లు ఈరోడ్డుకు మనుషులను పంపి అదే రకం తెప్పించినారు. ఈరోడ్డులో ఎవరూ ముట్టని సరుకు అది. వాళ్లు ఏమనుకొన్నారో దేవునికే తెలుసు. పాలకోడు టమోటా మార్కెట్టులో దళారి ఒకడు, మన తెలుగాయనే, "ఆ పచ్చ గళ్లది నాకొకటి" అని ట్రాక్టరు దిగి వచ్చినాడు. "నీకు రంజాన్ ఏందయ్యా?" అంటే, "రంజాన్ నాకు లేదు, అంగీ ఉండకూడదా?" అన్నాడు.

నా భార్య మాత్రం నేను తెచ్చిన ఆ పచ్చ గళ్ల రవికగుడ్డను మడిచి పెట్టె అడుగున పెట్టింది. ఇప్పటికీ అక్కడే ఉంది.

ఇదంతా అయినాక మళ్లీ మెహరున్ దగ్గరికి పోయినాను. అన్వర్‌కు అదే గుడ్డ అని చెప్తే నమ్మలేదు. "ఒట్టు?" అనింది. ఒట్టు పెట్టినాను. చేతులు మాత్రం అప్పుడూ ఎత్తలేదు. "చూసినాక" అనింది. పాత గౌను ఒకటి అడిగి తెచ్చుకొని, దాన్ని పెట్టి అందాజుగా కుట్టి పంపినాను. వేసుకొంటుందో లేదో ఆ పిల్లకే తెలియాల.

ఎవరి బిడ్డలు

పండగనాడు పొద్దున్నే పోయి ఈద్గా మైదానం బయట టీ బండి దగ్గర నిలబడినాను. టైలరుకు పండగ అంటే తను కుట్టింది నడిచి పోవడం చూడడమే.

చిలకలు దిగినట్టు ఉంది మైదానం. ఎక్కడ చూసినా పచ్చ గళ్లు. నాన్నల వేళ్లు పట్టుకొని వచ్చే బిడ్డలు, సైకిలు ముందర కూర్చొని వచ్చే బిడ్డలు. గుంపు చివర హజ్రత్ తన బిడ్డలను తోలుకొని వచ్చినాడు. అందరికంటే వెనక మెహరున్. పచ్చ గౌను వేసుకొని ఉంది, దాని మీద అంత ఎండలోనూ పాత శాలువ ఒకటి కప్పుకొని ఉంది. గేటు దగ్గర నిలిచి లోపలికి చూసింది. అటు చూసింది, ఇటు చూసింది. శాలువ తీసి హజ్రత్ చేతిలో పెట్టి లోపలికి పరుగెత్తింది. ఆ తరువాత నాకు కనపడలేదు. కండ్లు చించుకొని చూసినా కనపడలేదు. నా జన్మలో నేను కుట్టిన గుడ్డను గుర్తుపట్టలేక సంతోషపడింది ఆ ఒక్కసారే.

నమాజు అయినాక హజ్రత్ శాలువ పట్టుకొని మైదానమంతా తిరుగుతా ఉండాడు. "నా బిడ్డలు ఏరి? నా బిడ్డలు ఎవరు?" అని కనపడిన ప్రతి పచ్చ అంగీని భుజం పట్టుకొని తిప్పి చూస్తా ఉండాడు.

ఆయన కంటే కష్టం మండీ బాయ్‌ది. అనాథ బిడ్డలకు మిఠాయి పొట్లాలు తెచ్చి ఉండాడు, తానే ఇవ్వాలని. ఎవరికి ఇవ్వాల? ఒక పచ్చ అంగీకి ఇచ్చినాడు, వాడు గుడ్డల అంగడి వాళ్ల మనమడు. ఇంకో పచ్చ గౌనుకు ఇచ్చినాడు, అది ఆయన చెల్లెలి కూతురే. ఇంక చాతగాక కండ్లు మూసుకొన్నట్టే చెయ్యి చాచిన ప్రతి బిడ్డకూ ఇచ్చుకొంటా పోయినాడు. ఒక పిల్లోడి తలమీద చెయ్యి పెట్టి, "అల్లా నిన్ను చల్లగా చూస్తాడు బిడ్డా, నాకోసం దువా చెయ్యి" అన్నాడు.

"అబ్బాజాన్, నేను. అన్వర్‌ను" అన్నాడు వాడు.

బాయ్ వాణ్ని పైనించి కిందికి చూసినాడు. పొట్లం వెనక్కి తీసుకోలేదు. తల ఎత్తి టీ బండి దగ్గర నన్ను చూసి, అక్కడినించే అన్నాడు: "నాయుడూ, ఇంక నా కుడిచేతికి గూడా తెలియడం లేదు."

తరువాతి రంజాన్‌కు ఆయన మూట కొనలేదు. నన్ను వెంట పెట్టుకొని ఈరోడ్డుకు పోయి రంగురంగులుగా ఏరినాడు. గుడ్డ అంగడికి చేరిన రోజే అనాథ బిడ్డల ఇంటినించి మెహరున్ నడిచి వచ్చింది. నేను ఇంకా టేపు వెతుక్కొంటా ఉండాను. వాకిట్లో నిలబడి రెండు చేతులూ పైకెత్తి పెట్టుకొనింది.

"తొందరగా చూడు మామా, చేతులు నొప్పి పెడతాయి. పచ్చది మాత్రం వద్దు. జోబీ లోతుగా పెట్టు."